ఈ సంక్రాంతికి పొయ్యి ముందు ఎవరు కూర్చోవాలి?

గోదావరి తీరంలోని ఒక పట్టణం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని రాసినవారు కోరారు. ఆయనకు నలభై ఎనిమిదేళ్లు, ప్రభుత్వోద్యోగి. భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. కూతురు ఇంజినీరింగు, కొడుకు ఇంటర్ చదువుతున్నారు. డెబ్బై నాలుగేళ్ల తల్లి వీరి దగ్గరే ఉంటారు. అన్నయ్య హైదరాబాదులో, తమ్ముడు బెంగళూరులో, చెల్లెలు అమెరికాలో స్థిరపడ్డారు. ఏటా సంక్రాంతికి అన్నదమ్ములిద్దరూ కుటుంబాలతో భోగి ముందురోజు దిగుతారు, కనుమ దాటాక బయలుదేరతారు. వెళ్లేటప్పుడు చెరో డబ్బా అరిసెలు పట్టుకెళ్తారు. చెల్లెలికి పార్సిలు పంపాలి.

"మా చిన్నప్పుడు అమ్మ అరిసెలు వండుతుంటే పక్కింటి పిన్నిగారు, మా మేనత్త సాయం వచ్చేవారు. రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకుంటూ చేసేవారు" అని ఆయన రాశారు. ఆరేళ్ల కిందట తల్లికి మోకాళ్ల నొప్పులు ఎక్కువై పొయ్యి ముందు కూర్చోలేకపోవడంతో ఆ బాధ్యత భార్య మీద పడింది. మూడు కిలోల బియ్యం అరిసెలు, పోకుండలు, సున్నుండలు, కజ్జికాయలు, జంతికలు అన్నీ ఆమే చేస్తోంది. బడికి సెలవులిచ్చిన మర్నాడు మొదలుపెట్టి, బంధువులు వచ్చేలోగా ముగించాలి. కనుమ వెళ్లాక ఇంకా పది పదిహేను రోజులు డబ్బాల్లో అరిసెలు మిగిలే ఉంటాయట. పిల్లలు జంతికలు తప్ప ముట్టరట.

కిందటేడు అందరూ హాల్లో కూర్చుని తింటుండగా పెద్దవదినగారు, "ఈసారి గట్టిగా వచ్చాయి, అత్తయ్యగారి చేతి అరిసెల్లా లేవు" అన్నారు. అత్తగారు ఏమీ అనలేదు. భార్య కూడా అప్పటికి ఏమీ అనలేదు. మొన్న దసరా వెళ్లాక మాత్రం, "ఈ సంక్రాంతికి నేను అరిసెలు వండను. కావాలంటే కొని తెచ్చుకోండి" అని తేల్చి చెప్పింది. ఆ మాట విన్న అత్తగారు, "కొన్న అరిసెలు పెద్దలకు పెట్టాలా? ఈ ఇంట్లో నేనుండగా జరగదు" అన్నారు. అప్పటినుంచి ఇద్దరి మధ్య అవసరమైన మాటలే. అన్నయ్య ఫోనులో, "ఈ ఒక్క ఏడాదీ ఎలాగో సర్దుకోమని చెప్పు" అన్నారు.

"మధ్యలో నలిగిపోతున్నాను. అలాగని నేను చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి కాదు. సరుకులన్నీ నేనే తెస్తాను. బియ్యం నేనే మర పట్టించుకొస్తాను. నిజం చెప్పాలంటే ఇంట్లో బెల్లం పాకం వాసన రాకపోతే నాకు పండగ వచ్చినట్టే ఉండదు. నాన్నగారు పోయి మూడేళ్లయింది. ఆయనకు అరిసెలంటే ప్రాణం. పెద్దలకు పెట్టే రోజు అమ్మ ఆ పళ్లెం ఇంకెవరినీ ముట్టనివ్వదు. ఇద్దరిలో ఎవరిని ఒప్పించాలి? ఎలా ఒప్పించాలి?" అని అడిగారు.

సమాధానం:

ఎవరిని ఒప్పించాలో తర్వాత చూద్దాం. ముందు ఆ పనిని చూడండి. అరిసెలు ఒక్క మనిషి చేసే వంట కాదు. మీ అమ్మగారు కూడా ఎన్నడూ ఒంటిచేత్తో చేయలేదు, ఆ సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. పక్కింటి పిన్నిగారు, మేనత్త ఉత్తినే కబుర్ల కోసం వచ్చి కూర్చోలేదు. ఒకరు పాకం చూసేవారు, ఒకరు పిండి పోసేవారు, ఒకరు తెడ్డుతో కలిపేవారు. తర్వాత ఒకరు అరిసె తట్టి ఇస్తే ఇంకొకరు బాండీ దగ్గర కూర్చునేవారు, మరొకరు నొక్కి నూనె పిండేవారు. రెండు రోజులు పోయాక అదే జట్టు పిన్నిగారింట్లో పనికి దిగేది. ఇప్పుడు మీ ఇంట్లో మూడు కిలోల బియ్యం అలాగే ఉంది, పిండివంటల జాబితా అలాగే ఉంది. మనుషులే ఒక్కరికి వచ్చారు. "నేను ఇన్నేళ్లు చేశాను, కోడలు ఆరేళ్లకే విసిగిపోయింది" అని మీ అమ్మగారు బాధపడుతూ ఉండవచ్చు. "అత్తయ్య చేసినట్టు నాకు కుదరడం లేదు" అని మీ భార్య లోపల కుంగుతూ ఉండవచ్చు. వాళ్లిద్దరూ చేసింది ఒకే పని కాదన్న సంగతి ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ నోరు తెరిచి అనలేదు. ఆ మాట మొదట అనాల్సినవారు మీరు.

సరుకులు తేవడం, మర పట్టించడం సాయమే, కాదనను. అయితే మీరు పిండి గిన్నె ఇంట్లో దించిన తర్వాత ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. ఆ పిండి తడి ఆరకూడదు. ఆరితే అరిసె పగులుతుంది. కాబట్టి వెంటనే జల్లించి, అదిమి, మూత పెట్టాలి. బెల్లం తరిగి, కాసిని నీళ్లతో కరిగించి, ఇసుక, నలక పోయేలా వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. పాకం నురగ కట్టి పొంగుతున్నప్పుడు పక్కనే పళ్లెంలో చన్నీళ్లు ఉంచుకుని, అందులో ఒక చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీస్తారు. జారిపోతే ఇంకా కాలేదు. మెత్తటి ఉండ అయి, వేళ్ల మధ్య నొక్కితే అణిగితే సరిగ్గా అదే సమయం. మరికాస్త ఆగితే ఉండ గట్టిపడి గిన్నెకు కొడితే టంగుమంటుంది, అది అరిసెలకు పనికిరాదు. ఈ రెంటి మధ్య వ్యవధి చాలా తక్కువ. సరైన పాకం రాగానే బాండీ దించి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి. పోసే చెయ్యి వేరు, కలిపే చెయ్యి వేరు ఉండాలి. కిలో పిండి పడేసరికి తెడ్డు కదలదు. భుజం బలమంతా పెట్టాలి, మరోవైపు ఎవరో ఒకరు బాండీ కదలకుండా పట్టుకోవాలి.

ఇక్కడ కిందటేడు అరిసెలు ఎందుకు గట్టిపడ్డాయో నాకు తోస్తున్న కారణం చెబుతాను. అరిసె గట్టిగా రావడానికి మామూలుగా కారణం పాకం ముదరడమే. పొయ్యి మీంచి దించినా, మందపాటి బాండీ వేడికి పాకం ఇంకా ముదురుతూనే ఉంటుంది. ఒక్క మనిషే ఒక చేత్తో పిండి పోసి, ఆగి, కలిపి, మళ్లీ పోసి, మళ్లీ కలిపితే ఆ కాస్త ఆలస్యానికే పాకం దాటిపోతుంది. మీ భార్యకు పాకం తెలియక కాదు, రెండో చెయ్యి లేక అలా అయి ఉండవచ్చు. మీ వదినగారు తిన్నది ఆ ఒంటరితనాన్నే. ఈ మాట మీ భార్యకు చెప్పండి. లెక్కల టీచరు కదా, కారణం తెలిస్తే ఆమె మనసు కొంత తేలిక పడుతుంది.

వదినగారి మాటకంటే మీ అమ్మగారి మౌనం ఆమెను ఎక్కువగా గాయపరిచిందని నాకనిపిస్తోంది. అన్ని రోజులు పొయ్యి ముందు కూర్చున్న మనిషిని నలుగురిలో అలా అన్నప్పుడు, "పాపం, ఒక్కతే చేసింది" అని పెద్దావిడ ఒక్క మాట అని ఉంటే దసరా దాకా ఈ బరువు ఉండేది కాదు. ఆ హాల్లో మీరూ ఉన్నారు. మీరేమన్నారో ఉత్తరంలో లేదు. అనకపోయి ఉంటే, మీ భార్య లెక్కలో మౌనంగా ఉన్నవారు ఇద్దరు.

అలాగని మీ అమ్మగారిని మొండి మనిషి అని పక్కన పెట్టడం కూడా అన్యాయం. మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టుగా, నాన్నగారి సంగతి రాశారు. నా దృష్టిలో ఉత్తరమంతటికీ ఆ వాక్యాలే కీలకం. సంక్రాంతి పెద్దల పండగ. పోయినవారికి కొత్త బట్టలు పెట్టి, వారికి ఇష్టమైనవి వండి పెట్టే రోజు. భర్త పోయిన ఇల్లాలికి ఆ రోజు మిగిలిన పని అదొక్కటే. మోకాళ్లు సహకరించక వంటిల్లు చేయి దాటిపోయింది, ఆ పళ్లెం మాత్రం ఇంకా తన చేతిలో ఉంది. "కొన్న అరిసెలు పెట్టాలా" అని ఆవిడ అడిగింది కోడలి మీద కోపంతో అని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ఆ మాటలో కోడలి ప్రస్తావనే లేదేమో చూడండి.

ఇప్పుడు ఆ మూడు కిలోల బియ్యాన్ని విడదీసి చూద్దాం. అందులో మూడు వేర్వేరు అవసరాలు ఒకే గిన్నెలో పడి ఉన్నాయి. పెద్దలకు పెట్టేది ఒకటి. దానికి ఒక పళ్లెం చాలు, అరకిలో బియ్యంతో చేస్తే ఇంకా మిగులుతుంది. ఇంటికి వచ్చిన అన్నదమ్ములు, పిల్లలు పండగ మూడు రోజులూ తినేది రెండోది. ఇక డబ్బాల్లో ఊళ్లకు వెళ్లేది, అమెరికా పార్సిలు, ఆ తర్వాత ఇంట్లో మిగిలిపోయేది, ఇదంతా మూడోది. మీ అమ్మగారి పట్టుదల అంతా మొదటి దాని గురించే. మీ భార్య శ్రమలో ఎక్కువ భాగం మూడో దానికి పోతోంది. వారిద్దరూ నిజానికి ఒకే విషయం మీద తగాదా పడడం లేదు. ఇది పట్టుకుంటే మీకు దారులు కనిపిస్తాయి. నాకు తోచినవి చెబుతాను, దేనికి ఏ ఇబ్బంది ఉందో కూడా చెబుతాను. ఏది పట్టుకోవాలో మీ ముగ్గురూ తేల్చుకోవాలి.

మొదటిది, అన్నీ కొనడం. మీ భార్య అడిగింది ఇదే. కొనడంలో చిన్నతనమేమీ లేదు. మీ గోదావరి ప్రాంతానికే చెందిన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేడి కుండ మీద ఆ రేకు తీయడం ఆ ఊరివారి చేతిలో ఉన్న విద్య. మిగతావాళ్లం కొనుక్కునే తింటాం, గర్వంగా బంధువులకు పెడతాం. తాపేశ్వరం కాజా అయినా అంతే. అరిసెలు కూడా మీ చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లలోనే వండి అమ్మే ఆడవాళ్లు ఉంటారు, డ్వాక్రా సంఘాలవారూ చేస్తారు. వాళ్లలో మీ అమ్మగారి వయసు దగ్గరివారు, ఆవిడలాగే వేళ్లతో పాకం చూసేవారు ఉంటారు. పండగ ముందు వారం వెళ్తే దొరకవు, చాలా ముందుగా చెప్పుకోవాలి. వెళ్లి ఏ బెల్లం వాడుతున్నారో, నూనె ఎన్నిసార్లు మారుస్తున్నారో చూసి రండి. మరీ తెల్లగా, నిమ్మపండు రంగులో మెరిసే బెల్లం కంటే ముదురు రంగు బెల్లం నయం. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలపడం మన బెల్లం వ్యాపారంలో ఉన్నదే.

దీనివల్ల వచ్చే చిక్కు మీకు తెలుసు. పళ్లెంలో కొన్న అరిసె పెట్టాల్సి వస్తే మీ అమ్మగారు ఆ పండగంతా మాట్లాడరు. ఆ మౌనం మళ్లీ మీ భార్య ఖాతాలోనే పడుతుంది. "కోడలు వండనంది కాబట్టి" అని ఊళ్లోవాళ్లకు, వచ్చినవాళ్లకు తెలుస్తుంది. కాబట్టి ఈ దారి ఎంచుకుంటే ఒక షరతు: కొనాలన్న నిర్ణయం మీదేనని అందరికీ మీ నోటితో చెప్పాలి. కొని తెచ్చి ఇంట్లో చేసినట్టు డబ్బాలో సర్దే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. అరిసె కొరకగానే మీ అమ్మగారికి తెలిసిపోతుంది. ఆ తర్వాత అసలు నమ్మకమే పోతుంది.

రెండోది, తగ్గించడం. పెద్దలకు సరిపడా అరిసెలు ఇంట్లో చేసుకుని, మిగతావి కొనడమో మానేయడమో చేయవచ్చు. సున్నుండలకు పాకం పని లేదు. మినుములు వేయించి, పిండి పట్టించి, బెల్లమో పంచదారో కలిపి వెచ్చటి నెయ్యి పోస్తూ ఉండ కట్టడమే. మీ అబ్బాయి, అమ్మాయి ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. కజ్జికాయలు ఈ ఏడు మానేస్తే ఎవరూ అలగరు. జంతికలు పిల్లలు తింటారంటున్నారు కనుక ఉంచండి, గొట్టం తిప్పే పని వాళ్లకే ఇవ్వండి. ఈ దారిలో గొడవ ఇంట్లో కంటే బయటే ఎక్కువ. డబ్బా అందని అన్నయ్య, పార్సిలు రాని చెల్లెలు ఏమనుకుంటారోనన్న బెంగ మీ అమ్మగారికి ఉంటుంది. పిల్లలకు సారె పంపినట్టుగా ఆ డబ్బాలు పంపడం ఆవిడకు అలవాటు. అందుకే అమ్మ చేత కాకుండా మీరే ఫోను చేసి అన్నయ్యకు, తమ్ముడికి, చెల్లెలికి ముందే చెప్పాలి. "ఈసారి డబ్బాలు ఉండవు, పండగకి రండి, ఇక్కడ తిందాం" అనండి. "ఒక్క ఏడాదీ సర్దుకోమని చెప్పు" అన్న మీ అన్నయ్యకు ఈ సర్దుబాటు ఏమీ బరువు కాదు.

మూడోది, పంచుకోవడం. నా మనసు దీనివైపే మొగ్గుతోంది, దాచను. అయితే అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. భోగికి రెండు రోజుల ముందే అన్నదమ్ములు రావాలి. రాలేకపోతే కనీసం మీరూ మీ పిల్లలూ ఒక రోజంతా ఆ పనికే కేటాయించాలి. మీ అమ్మగారికి పొయ్యి పక్కన ఎత్తైన కుర్చీ వేయండి. ముందు చన్నీళ్ల పళ్లెం పెట్టండి. పాకం చుక్క వేసి ఆవిడకు అందిస్తే వేళ్లతో చూసి "దించు" అని ఆవిడే చెప్పాలి. మోకాళ్లు పోయాయి గాని వేళ్లు పోలేదు కదా. తెడ్డు మీరు పట్టాలి. అది బలం కావలసిన పని. మగవాడు చేయకూడదని ఏ శాస్త్రమూ అనలేదు, పెళ్లిళ్లలో బాండీల ముందు నిలబడేది ఎక్కువగా మగవాళ్లే. పిండి పోయడం ఒకరు, అరిసె తట్టడం ఒకరు. నూనె దగ్గర, నొక్కే దగ్గర ఎవరుంటారో మీ భార్య చెబుతుంది. ఆమె ఆ రోజు ఏ పని చేయాలో, అసలు చేయాలో వద్దో ఆమె ఇష్టం. బజారుకు వెళ్లి చీర కొనుక్కుని వస్తానంటే వెళ్లనివ్వండి.

ఇందులో చిక్కులు వరుసగా ఉన్నాయి. కొత్త చేతులు కాబట్టి మొదటి వాయి చెడుతుంది. మీ అమ్మగారికి వంటింట్లో అంతమంది, అందులోనూ కొడుకు తెడ్డు పట్టడం నచ్చకపోవచ్చు. "నీకెందుకు లేరా, అమ్మాయి చేస్తుందిలే" అంటారు. మీరు ఆ ఒక్క మాటకే తెడ్డు దించేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, పని అందరూ పంచుకున్నట్టే ఉండి, "నువ్వుల డబ్బా ఎక్కడుంది? నెయ్యి ఎంత పోయాలి? ఈ గుడ్డ వాడవచ్చా?" అని అందరూ మీ భార్యనే అడుగుతూ ఉండటం. అప్పుడు ఆమె నాలుగు రోజుల పనిని ఒక్క రోజులో, అదీ అందరినీ నడిపిస్తూ చేసినట్టవుతుంది. సామాను ఎక్కడుందో ముందురోజే మీరు చూసి పెట్టుకోండి. అంతా అయ్యాక జిడ్డు బాండీలు, నూనె చిందిన గట్టు కడిగేది ఎవరో కూడా అప్పుడే తేల్చుకోండి. ఆ పని చివరికి ఎవరి మీద పడుతుందో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది.

ఈ ఏడాదికి పూర్తిగా మానేయడం అనే దారి కూడా ఉంది. పెద్దలకు గారెలు, బూరెలు, పరమాన్నం ఎలాగూ ఆ ఉదయం వండుతారు కనుక అరిసెలు లేకపోయినా ఆ రోజు జరిగిపోతుంది. కాని మీ నాన్నగారికి ఇష్టమైనది అదే అయినప్పుడు మీ అమ్మగారికి ఆ లోటు బాగా తెలుస్తుంది. మీకూ తెలుస్తుంది. మిగిలిన దారులన్నీ మూసుకుపోతే తప్ప దీన్ని నేను ముందుకు తేను.

మాట్లాడే వరుస గురించి ఒక మాట. ముందు మీ భార్యతో మాట్లాడండి. ఏ ప్రతిపాదనా పట్టుకెళ్లవద్దు. "వండను" అన్నది నిర్ణయమని ఒప్పుకుని మొదలుపెట్టండి. "సరే, ఈసారి నువ్వు వండనక్కరలేదు. కిందటేడు వదిన అలా అన్నప్పుడు నేనేదైనా అనాల్సింది" అని చెప్పి ఊరుకోండి. ఆమె మాట్లాడితే వినండి. ఆ రోజే "మరి అమ్మకి ఏం చెప్పను" అని అడిగారంటే, మీరు విన్నదంతా బేరం కోసమేనని ఆమె అనుకుంటుంది. నాలుగు రోజులు పోయాక ఈ దారుల సంగతి ఆమె ముందు పెట్టి, దేనికి ఎంత ఒప్పుకోగలదో అడగండి.

తర్వాత మీ అమ్మగారి దగ్గర కూర్చోండి. అరిసెల సంగతితో మొదలుపెట్టకుండా నాన్నగారి సంగతితో మొదలుపెట్టండి. "పెద్దలకు పెట్టేవి కొనం, ఇంట్లోనే చేస్తాం, నేను చేస్తాను, నువ్వు పాకం చూడు" అని చెప్పండి. ఆవిడకు కావలసిన హామీ అదే. అది దొరికాక మిగతా రెండున్నర కిలోల గురించి ఆవిడ అంత పట్టుబట్టరని నా నమ్మకం. కోడలిని క్షమాపణ అడగమని ఆవిడ మీద ఒత్తిడి పెట్టవద్దు. ఆ వయసులో అది అవమానంగా తోస్తుంది, ఫలితం ఉండదు. కోడలు ఆ రోజు ఎందుకు బాధపడిందో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏం చేయాలో పెద్దావిడకు తెలుసు. పక్కింటి పిన్నిగారు, మేనత్త రాకుంటే మూడు కిలోలు తానొక్కతే చేయగలిగేదా అని కూడా అడగండి. నిందగా కాకుండా, నిజంగా తెలుసుకోవడానికి అడగండి. ఆ రోజుల కబుర్లు చాలా బయటికి వస్తాయి, వాటితో పాటు జవాబూ వస్తుంది.

వదినగారితో ఎవరూ పోట్లాడనక్కరలేదు. మూడో దారి ఎంచుకుంటే ఆవిడకు కూడా ఒక పని అప్పగించండి. అరిసెలు తట్టే పని ఇవ్వండి. పిండి వేడి చల్లారకముందే, నెయ్యి రాసిన ఆకు మీద అంచులు పగలకుండా సమానంగా తట్టాలి. ఓ పాతిక తట్టేసరికి ఆవిడకు కూడా ఆ పని ఎంతదో తెలిసివస్తుంది.

ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. పండగకి ఇంకా సమయం ఉంది, ఈలోగా మీరు ఒకసారి చేసి చూడాలి. మీకు సెలవుండి, భార్య బడికి వెళ్లే ఒక రోజు చూసుకుని, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అరకిలో కొత్త బియ్యంతో మొదలుపెట్టండి. ఒక రాత్రి, ఒక పగలు నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చండి. వడేసి, గుడ్డ మీద కాసేపు పరిచి, చేతికి తడి తగులుతుండగానే మర పట్టించండి. అరకిలో బియ్యానికి 350 నుంచి 375 గ్రాముల దాకా బెల్లం సరిపోతుంది. పిండి మొత్తం పోసేయవద్దు, కొంత వెనక్కి ఉంచండి. బెల్లంలోని తేమను బట్టి, పిండిలోని తడిని బట్టి ఏ రోజు ఎంత పడుతుందో మారుతుంది. అమ్మలు కొలత చెప్పకపోవడానికి కారణం అదే, దాచుకోవడం కాదు. మీకు అంకెలు కావాలంటే వంట థర్మామీటరు పెట్టుకోండి. పంచదార పాకానికి మెత్తటి ఉండ దశ 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది. బెల్లానికి కూడా అదే దిక్సూచిగా పెట్టుకుని, ఆఖరి మాట అమ్మ వేళ్లకు వదిలేయండి. పాకం మరిగే నీళ్ల కంటే వేడిగా ఉంటుంది, చర్మానికి అతుక్కుంటుంది. కాబట్టి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, పిల్లల్ని బాండీకి దూరంగా ఉంచండి.

మొదట ఒక్క అరిసె నూనెలో వేసి చూడండి. విచ్చిపోతే పాకం లేతగా ఉందన్నమాట. వెనక్కి ఉంచిన పిండిలో కొంచెం కలిపి మళ్లీ చూడండి. అయినా నిలవకపోతే వేయించడం ఆపేసి, ఆ ముద్దలో నెయ్యి, వేయించిన కొబ్బరి ముక్కలు, ఏలకుల పొడి కలిపి గిన్నెలోకి తీయండి. అది పాకం చలిమిడి అవుతుంది, వృథా అయ్యేది ఏమీ లేదు. సాయంత్రం మీ భార్య బడి నుంచి రాగానే కాస్త చేతిలో పెట్టి, ఏం తప్పు జరిగిందో ఆమెనే అడగండి.